స్ట్రెయిటెనర్ పెట్టకుండా జుట్టు స్ట్రెయిట్ అవుతుందా?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి ఏ వైపు నడిచినా సెలూన్ బోర్డులు వరసగా కనిపిస్తాయి: స్మూతెనింగ్, కెరటిన్, బొటాక్స్, నానోప్లాస్టియా. ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ‘హీట్ లేకుండా స్ట్రెయిట్ హెయిర్’ అంటూ వీడియోలు. ఒకరు రోలర్లు చుట్టమంటారు, ఒకరు బెండకాయలు ఉడికించి ఆ జిగురు తలకు పట్టించమంటారు, ఇంకొకరు ఏదో క్రీము చూపించి ఇందులో వేడే లేదు, భయపడొద్దంటారు. రింగుల జుట్టున్న వాళ్లకు, స్మూతెనింగ్ చేయించుకున్నాక కుదుళ్ల దగ్గర మళ్లీ రింగులు మొలుస్తున్న వాళ్లకు ఇవన్నీ ఒకే రకం చిట్కాలనిపిస్తాయి. ఒక రకం కావు, మూడు రకాలు.

మొదటిది తడి జుట్టును సాగదీసి పట్టి ఉంచి, ఆ సాగిన ఆకారంలోనే ఆరనివ్వడం. ఇది నీళ్ల పని. మళ్లీ తల తడిసేదాకా ఉంటుంది. రెండోది వెంట్రుక మీద ఏదో ఒక పూత వేయడం. ఇది మెరుపునిస్తుంది, కాస్త బరువునిస్తుంది, అంతకుమించి ఆకారం మార్చదు. మూడోది రసాయనంతో వెంట్రుక లోపలి కట్టడాన్నే విప్పి మళ్లీ కట్టడం. ఇది కత్తిరించేదాకా పోదు. ఈ మూడింట్లో నిజంగా వేడి లేకుండా, నష్టం లేకుండా ఆకారం మార్చగలిగేది మొదటిదొక్కటే. అదైనా రింగుల జుట్టును సూదిలా నిలబెట్టదు. రింగును విప్పి, పొడవు పెంచి, జుట్టు చెప్పిన మాట వినేలా చేస్తుంది. చాలామందికి కావాల్సింది అంతేనని నా నమ్మకం. కాకపోతే దానికి ఓపిక కావాలి, ఆ ఓపిక ఎక్కడ పెట్టాలో తెలియాలి.

వెంట్రుక లోపల ఏం జరుగుతుంది

వెంట్రుక దాదాపు మొత్తం కెరటిన్ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ గొలుసులను ఒకదాని పక్కన ఒకటి పట్టి ఉంచే బంధాల్లో మనకు ముఖ్యమైనవి రెండు. హైడ్రోజన్ బంధాలు ఒక్కొక్కటిగా చాలా బలహీనం, కానీ లెక్కలేనన్ని ఉంటాయి. నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కట్టుకుంటాయి. ఇంకోటి డైసల్ఫైడ్ బంధాలు, అంటే రెండు గంధకపు పరమాణువుల మధ్య ఉండేవి. ఇవి గట్టివి, నీళ్లకు చలించవు. జుట్టు కాలితే వచ్చే ఆ ఘాటు వాసనకు కారణం ఈ గంధకమే.

రింగు ఎక్కడి నుంచి వస్తుందంటే, కుదురు నుంచి. చర్మం లోపల కుదురు వంపుగా ఉంటే వెంట్రుక ఆ వంపులోనే గట్టిపడి బయటికొస్తుంది. బయట ఉన్న వెంట్రుకకు మనం ఏం రాసినా, ఏం చేసినా లోపలి కుదురు మారదు. అందుకే ‘పర్మనెంట్’ అని పేరున్న ఏ స్ట్రెయిటెనింగ్ అయినా అప్పటికే బయటికొచ్చిన జుట్టు వరకే పర్మనెంట్. కొత్తగా వచ్చేది నెలకు సెంటీమీటరో, అంతకు కాస్త ఎక్కువో, తన పాత వంపుతోనే వస్తుంది.

గంజి పెట్టిన నేత చీరను పిండాక ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగి, మడత లేకుండా తీగ మీద ఆరేస్తే ఇస్త్రీ అవసరం పెద్దగా ఉండదు. అదే చీరను ఉండచుట్టి బకెట్లో వదిలేస్తే ముడతలతోనే ఆరుతుంది. నూలు పోగుల్లోనూ ఉన్నది హైడ్రోజన్ బంధాలే, తడిలో విడిపోయి ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే కట్టుకుంటాయి. జుట్టులోనూ అచ్చం ఇదే జరుగుతుంది. రింగుల జుట్టును కడిగి వదిలేస్తే గంధకపు బంధాలు దాన్ని మళ్లీ రింగులోకి లాగుతాయి, ఆరేటప్పుడు హైడ్రోజన్ బంధాలు ఆ రింగునే ఖాయం చేస్తాయి. ఆరేంతసేపూ సాగదీసి పట్టుకుంటే సాగిన ఆకారం ఖాయమవుతుంది.

ఫ్లాట్ ఐరన్, అంటే స్ట్రెయిటెనర్ మెషిన్, చేసేది కూడా ప్రధానంగా ఇదే పని, కాకపోతే సెకన్లలో. అందుకోసం కొన్ని మెషిన్లు 230 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కాస్త తడి మిగిలిన జుట్టు మీద అంత వేడి పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు పుట్టిస్తుంది, అక్కడే అది విరుగుతుంది. వేడి లేని పద్ధతుల్లో మనం ఆ ఉష్ణోగ్రతకు బదులు సమయం ఇస్తున్నాం. అందుకే వాటిలో దొంగదారులు లేవు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. రోలర్ ఎంత ఖరీదైనది, జెల్ ఏ కంపెనీది అన్నవన్నీ తర్వాతి సంగతులు. విప్పే సమయానికి జుట్టు పూర్తిగా, లోపలి పొరతో సహా, ఆరి ఉండాలి. నూటికి తొంభై పాళ్లు ఆరినా చాలదు. మిగిలిన ఆ పది పాళ్ల తడి ఉన్న చోట బంధాలు ఇంకా కట్టుకోలేదు, విప్పిన కాసేపట్లోనే అవి పాత వంపులోకి వెళ్లిపోతాయి. ‘నాకు రోలర్లు పనిచేయవు’ అని చెప్పే వాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

చేసే పద్ధతి

ఈ విద్యను బాగా పండించిన వాళ్లు మనం కాదు, ఆఫ్రికా మూలాలున్న సమాజాలు. డొమినికన్ రిపబ్లిక్ సెలూన్లలో తడి జుట్టును పెద్ద రోలర్లకు చుట్టి, తల మీద బోర్లించినట్టుండే హుడ్ డ్రైయర్ కింద కూర్చోబెట్టి, తర్వాత తల చుట్టూ తిప్పి పిన్నులు పెట్టే పద్ధతి ఉంది. ఆ చుట్టడాన్ని అక్కడ ‘తూబీ’ అంటారు. నైజీరియాలో యొరుబా వాళ్లు దారంతో పాయను కుదురు నుంచి కొస దాకా చుట్టి సాగదీస్తారు, దాని పేరు ‘ఇరున్ కీకో’. అమెరికాలో రిలాక్సర్ (రింగును నిటారు చేసే ఘాటు రసాయన క్రీము) వాడిన నల్లజాతి మహిళలు ఆ జుట్టును వేడి పెట్టకుండా కాపాడుకోవడానికి రాత్రిపూట తల చుట్టూ చుట్టుకుని పడుకోవడం తరాలుగా ఉన్న అలవాటు. ఇప్పుడు మనం వీడియోల్లో చూసే చిట్కాల్లో చాలావాటికి పుట్టిల్లు అదే. ఆ సంగతి చెప్పి మరీ వాడుకోవడం మర్యాద.

మన ఇళ్లలోనూ దీనికి దగ్గరి పద్ధతులు లేకపోలేదు. తలంటుపోసుకున్నాక గంప బోర్లించి, కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గంప మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. అది నేరుగా తగలని మెత్తటి వేడి. ఆ తర్వాత నూనె రాసి బిగించి అల్లిన జడ రోజంతా జుట్టును సాగదీసి ఉంచేది. జడ విప్పితే అలలు కనిపిస్తాయి కానీ రింగు ఉండదు. స్ట్రెయిట్ కాకపోయినా దువ్వెనకు లొంగే జుట్టు కావాలనుకునే వాళ్లకు ఇప్పటికీ ఇదే తేలిక దారి. జుట్టు చాలావరకు ఆరాక, రెండు వదులు జడలు వేసుకుని పడుకుంటే చాలు.

ఇంకా సాఫుగా రావాలంటే రోలర్లే. బేగంబజార్ హోల్‌సేల్ షాపుల్లో, కోఠి సుల్తాన్ బజార్లో రకరకాలవి దొరుకుతాయి. కొనేటప్పుడు ముళ్లముళ్లుగా ఉండే వెల్క్రో రోలర్లు వద్దు. తడి రింగుల జుట్టు వాటిలో ఇరుక్కుని విప్పేటప్పుడు తెగుతుంది. నున్నటి ప్లాస్టిక్‌వి, గాలి ఆడే రంధ్రాలున్నవి తీసుకోండి. స్ట్రెయిట్ కావాలంటే పెద్ద సైజు కావాలి, చిన్నవి కొత్త రింగులు తెచ్చిపెడతాయి. మరీ పెద్దదైతే జుట్టు కొస ఒక చుట్టు కూడా తిరగదు, పట్టు నిలవదు. కొస కనీసం ఒకటిన్నర చుట్లు తిరిగే సైజు చూసుకోండి.

తలస్నానం, కండిషనర్ అయ్యాక తడిగా ఉండగానే చిక్కు తీయాలి. తడి వెంట్రుక ఎండినదాని కంటే బలహీనంగా ఉంటుంది, ఎక్కువ సాగుతుంది కూడా. అందుకని వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. రోలర్ పొడవు ఎంతో అంత వెడల్పు పాయ మాత్రమే తీసుకోవాలి, దాని పక్కలకు పొర్లేంత తీస్తే పక్కల జుట్టు వదులుగా ఆరి ఉంగరం తిరుగుతుంది. పాయను తల మీద నుంచి పైకి లాగి పట్టి, సన్న పళ్ల దువ్వెన ఒకసారి నడిపి, కొసను పల్చటి టిష్యూలో మడిచి, ఆ పట్టు సడలకుండా కుదురు దాకా చుట్టి క్లిప్ పెట్టాలి. కొస మడతపడితే అది మడతగానే ఆరుతుంది. టిష్యూ ఉపయోగం అదే. మొత్తం పనిలో చెయ్యి తిరగాల్సింది ఈ కొస దగ్గరే, మొదట రెండుమూడు సార్లు ఎవరైనా వెనక నిలబడి సాయం చేస్తే బాగుంటుంది.

మా అక్క కూతురికి నేను చుట్టిపెట్టినప్పుడు ఫ్యాను కింద మధ్యాహ్నమంతా కూర్చుంది. సాయంత్రానికి విసుగొచ్చింది. “పిన్నీ, పైన అంతా ఆరిపోయింది, తీసేయనా?” అంది. “తీయకు. రోలర్ లోపలికి వేలు పెట్టి చూడు” అన్నాను. పై చుట్టు ఎండి గరగరలాడుతోంది, లోపలి చుట్టు మాత్రం వేలికి చల్లగా తగిలింది. చల్లగా ఉందంటే నీళ్లు ఇంకా ఆవిరవుతున్నాయని అర్థం. చేతికి తడి తెలియకపోయినా చల్లదనం తెలుస్తుంది. ఆ చల్లదనం పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఒత్తుగా, పొడుగ్గా ఉన్న జుట్టుకు ఒక పూట పట్టడం మామూలే.

రోలర్లు తీశాక వచ్చేది స్ట్రెయిట్ కాదు, పెద్ద పెద్ద మెలికల్లో ఒత్తుగా నిలబడిన జుట్టు. అక్కడే చాలామంది నిరాశపడి ఆపేస్తారు. మిగిలిన సగం పని తల చుట్టూ చుట్టడం. నడినెత్తిన ఒక పెద్ద రోలర్ ఉంచి, మిగతా జుట్టును మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కున తల గుండ్రానికి అంటుకునేలా దువ్వుకుంటూ పోవాలి. నుదురు, చెవి పైన, వెనక మెడ, రెండో చెవి, మళ్లీ నుదురు. సన్న పిన్నులు పడుకోబెట్టి పెట్టి, పైన సాటిన్ స్కార్ఫ్ కానీ పాత సిల్కు చీర ముక్క కానీ కట్టుకుని పడుకోవాలి. తెల్లారి విప్పితే తల వంపు ఎంత పెద్దదో జుట్టు మెలిక అంతే పెద్దదవుతుంది, అంటే దాదాపు నిటారే. నూలు దిండు గలీబు ఒరిపిడికి జుట్టు చెదురుతుంది కాబట్టి ఆ సిల్కు ముక్క అలంకారం కాదు, అవసరం.

రోలర్లు చుట్టే తీరిక లేని వాళ్లకు బ్యాండ్లు ఉన్నాయి. పాయ కట్టి, కుదురు నుంచి కొస దాకా అంగుళానికొకటి చొప్పున బట్ట చుట్టిన బ్యాండ్లు వేసుకుంటూ పోవాలి. పచ్చళ్ల కవర్లకు వేసే మామూలు రబ్బరు బ్యాండ్లు వద్దు, అవి జుట్టును పీకేస్తాయి. బిగువు ఎక్కువైతే బ్యాండున్న చోటల్లా గీత పడుతుంది. దారం చుట్టడం దీనికంటే సమానంగా సాగదీస్తుంది కానీ నేర్చుకోవాలి. ఏ పద్ధతిలోనైనా ఒక హెచ్చరిక: నుదుటి దగ్గర చర్మం లాగినట్టు, నొప్పిగా అనిపిస్తే వెంటనే వదులు చేయండి. రోజూ అలా లాగి కడితే ముందు వెంట్రుకలు ఊడి నుదురు వెనక్కి జరుగుతుంది, ఏళ్లతరబడి సాగితే అక్కడ కుదుళ్లు శాశ్వతంగా పోతాయి.

హైదరాబాద్ గాలి, హైదరాబాద్ నీళ్లు

హైడ్రోజన్ బంధాలకు షవరే అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. అందుకే ఇదే సెట్, అంటే ఇలా సాగదీసి ఆరబెట్టి నిలిపిన ఆకారం, ఊరిని బట్టి, నెలను బట్టి మారిపోతుంది. సముద్రం పక్కన విశాఖలో సాయంత్రానికే ముడుచుకుపోయే జుట్టు దక్కను పీఠభూమి మీదున్న మన ఊళ్లో ఏప్రిల్‌లో అయితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. జూన్ రెండో వారం దాటి వానలు పట్టాక పరిస్థితి మారుతుంది. జులై, ఆగస్టుల్లో పొద్దున్నే సెట్ విప్పుకుని బయల్దేరితే హైటెక్ సిటీ చేరేలోపు ముంగురులు ఉంగరాలు తిరుగుతాయి. అది మీ చేతకానితనం కాదు, గాలి తన పని తాను చేస్తోంది. ఆ నెలల్లో స్ట్రెయిట్ కోసం పోరాడకుండా జడ, కొప్పు, లేదా ఉన్న రింగుల్నే చక్కగా చూపించుకోవడం మేలని నేను చెబుతాను.

వానాకాలంలోనూ తప్పదనుకుంటే లీవ్-ఇన్ (రాసి కడగకుండా వదిలేసే కండిషనర్) సీసా వెనక ఏం రాశారో చదవండి. గ్లిజరిన్ ముందు వరసలో ఉంటే అది గాలిలోని తేమను లాక్కుని జుట్టు ఉబ్బడానికి సాయపడుతుంది. డైమెథికోన్ వంటి సిలికోన్లు తేమకు కాస్త అడ్డు వేస్తాయి. రెండు చుక్కల సీరమ్ సెట్ విప్పాక రాసుకోవాలి.

ఎండాకాలంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. తల ఆరడానికి కూలర్ ముందు కూర్చుంటారు. కూలర్ విసిరేది తడి గాలి. అది ఒంటికి హాయి కానీ జుట్టు ఆరదు. సీలింగ్ ఫ్యాన్ నయం. ఏసీ గది ఇంకా నయం, అది గాలిలో తేమను తీసేస్తుంది.

నీళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లలో తల ఒకలా ఉంటుంది, బోరు నీళ్లో ట్యాంకరో గతైన అపార్ట్‌మెంట్లలో ఇంకోలా ఉంటుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి వెంట్రుక మీద పేరుకుంటే జుట్టు బిరుసెక్కుతుంది, రోలర్ మీద నున్నగా కూర్చోదు. సబ్బుతో తల రుద్దుకుంటే మరీ ఘోరం, ఆ కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడుకాయ నురుగుకు ఆ బెడద లేదు, మంచి షాంపూకూ లేదు. సెట్ చేసుకునే రోజు చివరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్లతో కడుక్కుంటే తేడా చేతికి తెలుస్తుంది.

బెండకాయలో కెరటిన్ ఉండదు

వంటింటి చిట్కాల గురించి సూటిగా చెప్పేస్తాను. కెరటిన్ జంతువుల శరీరంలో తయారయ్యే ప్రొటీన్. బెండకాయలో, అవిసె గింజల్లో, గంజిలో, కొబ్బరిపాలల్లో అది లేదు. బెండకాయ, అవిసె గింజల జిగురు ఆరితే వెంట్రుక మీద పల్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొర జుట్టును కలిపి పట్టుకుంటుంది, కాస్త మెరుస్తుంది. కార్న్‌ఫ్లోర్, నిమ్మరసం, కొబ్బరిపాలు ఉడికించి పట్టించే ముద్దా అంతే. వీటితో జుట్టు ‘స్ట్రెయిట్ అయింది’ అని చూపించే వీడియోల్లో ముద్ద బరువుకు తడి జుట్టు కిందికి వేలాడుతుంటుంది, ఆ తర్వాత దువ్వి ఆరబెడతారు. ఆకారం మార్చింది ఆ సాగదీయడమే. అవిసె జెల్‌ను రోలర్ కింద పట్టు కోసం వాడితే మాత్రం నిజంగా పనికొస్తుంది, బజార్లో కొన్న సెట్టింగ్ లోషన్ బదులు అది చాలు.

కొబ్బరినూనెకు దాని గౌరవం దానికుంది. తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుక నుంచి ప్రొటీన్ పోవడం తగ్గుతుందని 2003లో మన దేశపు పరిశోధకులే చూపించారు. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె అలా పనిచేయలేదు. కాబట్టి కొబ్బరినూనె జుట్టును కాపాడుతుంది. స్ట్రెయిట్ చేస్తుందని మాత్రం ఆశపడొద్దు.

వేడి లేదు అంటే మందు లేదని కాదు

ఇక మూడో రకం. ఇక్కడ మాటలు కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే.

మన సెలూన్లలో స్మూతెనింగ్, రీబాండింగ్ అనేవాటిలో సాధారణంగా ఉండేది థయోగ్లైకోలేట్ క్రీము. దాని పీహెచ్, అంటే క్షారపు ఘాటు ఎంతో చెప్పే అంకె, తొమ్మిది చుట్టుపక్కల. అది గంధకపు బంధాలను తెంచుతుంది, తర్వాత జుట్టును నిటారుగా పెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో ఆ బంధాలను కొత్త స్థానాల్లో కలుపుతారు. అన్నీ తిరిగి కలవవు. అమెరికాలో, ఆఫ్రికాలో ఎక్కువగా వాడే సోడియం హైడ్రాక్సైడ్ రిలాక్సర్ ఇంకా ఘాటు, పీహెచ్ 12 దాటుతుంది. దానికి ఐరన్ అక్కర్లేదు, దువ్వితే చాలు నిటారవుతుంది. ‘వేడి లేదు’ అన్న మాట దీనికీ వర్తిస్తుంది చూడండి. మాడు కాలే ప్రమాదం ఉన్న క్రీముకు కూడా. ఈ రెండు రకాల క్రీములూ ఒకదానికొకటి పడవు, ఒకటి చేసిన జుట్టు మీద రెండోది పెడితే జుట్టు కుదురు దగ్గరే విరిగి చేతికొస్తుంది.

కెరటిన్ ట్రీట్‌మెంట్, నానోప్లాస్టియా వంటివి వేరు దారి. వాటికి వేడి కావాల్సిందే. పాతవాటిలో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉండేది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. ‘ఫార్మాల్డిహైడ్ ఫ్రీ’ అని అమ్ముతున్న చాలావాటిలో దాని బదులు గ్లైఆక్సిలిక్ యాసిడ్ వచ్చింది. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక 26 ఏళ్ల మహిళ ఉదంతం వచ్చింది: ఆ యాసిడ్ ఉన్న క్రీముతో సెలూన్‌లో మూడుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. హెయిర్ బొటాక్స్ అనేదానిలో అసలు బొటాక్సే ఉండదు, అది పేరు మాత్రమే. లోపల ఏముందో సీసా తిప్పి చదవాల్సిందే.

2022లో అమెరికాలో 33,497 మంది మహిళలను దాదాపు పదకొండేళ్లు గమనించిన అధ్యయనం ఒకటి వెలువడింది. హెయిర్ స్ట్రెయిటెనర్ క్రీములు ఎప్పుడూ వాడని వాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ అవకాశం 1.64 శాతమని, ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడిన వాళ్లలో 4.05 శాతమని అంచనా వేశారు. క్రీమే కారణమని అది రుజువు చేయలేదు, రెండింటికీ సంబంధం కనిపించిందని చెప్పింది. పెళ్లికి ఒకసారి చేయించుకున్న అమ్మాయి దీనికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ‘రెండు నెలలకోసారి టచప్’ అని ప్యాకేజీ చూపిస్తే మాత్రం ఈ లెక్క గుర్తుకు రావాలి.

స్మూతెనింగ్ తర్వాత మళ్లీ రింగు మొలుస్తున్న జుట్టు

నా దృష్టిలో వేడి లేని సెట్ అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చేది స్మూతెనింగ్ చేయించుకున్నాక సొంత రింగు మళ్లీ మొలుస్తున్న వాళ్లకే. ఒకే వెంట్రుకలో రెండు రకాలుంటాయి. కుదురు నుంచి కొన్ని అంగుళాలు సొంత రింగు, ఆ కింద మందు పెట్టిన నిటారు జుట్టు. రెండూ కలిసే చోటు అన్నింటికంటే బలహీనం. దువ్వెన ఆగేదీ అక్కడే, తెగేదీ అక్కడే. మా అక్క కూతురికి సరిగ్గా ఆ దశలో ఒక సెలూన్ వాళ్లు ‘పైన మాత్రమే’ అని మళ్లీ క్రీము పెట్టారు. అది కిందికి జారి పాత జుట్టు మీద కూడా పడింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు వారం తిరక్కుండా పాపిడి పక్కన జుట్టు వేలెడు పొడవున తెగి నిలబడింది. అప్పటి నుంచే మా ఇంట్లో రోలర్లు వచ్చాయి.

ఇలాంటి జుట్టుకు సాగదీసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రాలిన తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగి వదలండి. కాస్త సాగి వెనక్కి వస్తే పర్వాలేదు. సాగుతూనే పోయి వెనక్కి రాకపోతే, లేదా పుటుక్కున తెగితే, ఆ జుట్టు ఇప్పుడు బిగువుకు తట్టుకోలేదు. కొన్ని వారాలు కండిషనర్, వదులు జడ, అంతే.

తట్టుకునే జుట్టయితే దృష్టంతా కుదుళ్ల మీద పెట్టాలి. కింది భాగం ఎలాగూ నిటారుగానే ఉంది, దాన్ని లాగి సాధించేదేమీ లేదు. పాయను కుదురు దగ్గర పైకెత్తి రోలర్ మాడుకు ఆనుకునేలా చుట్టి, ఆరాక తల చుట్టూ చుట్టి పడుకుంటే పై రింగు సాగి కింది జుట్టుతో కలిసిపోతుంది. వారానికి ఒకసారి తలస్నానం, ఒకసారి సెట్, రోజూ రాత్రి చుట్టుకోవడం. మధ్యలో కుదుళ్లు చెమటకు ముడుచుకుంటే వాటి వరకే కాస్త తడిపి రెండు మూడు రోలర్లు పెట్టుకుంటే సరిపోతుంది. తడి తలతో నిద్రపోవడం మాత్రం అలవాటు చేసుకోవద్దు, వానాకాలంలో అసలే వద్దు. మాడు తడిగా ఉంటే చుండ్రు, దురద, వాసన రావచ్చు. సాయంత్రానికి ఆరేలా పగలే మొదలుపెట్టండి.

స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లే వాళ్లు హెల్మెట్ లోపల ఆ సిల్కు స్కార్ఫ్ ఉంచుకోవాలి. హెల్మెట్ లోపలి చెమట అరగంటలో సెట్‌ను పాడుచేస్తుంది, స్కార్ఫ్ దాన్ని కొంత ఆపుతుంది. చుట్టిన జుట్టును విప్పకుండానే బండి నడిపి, ఆఫీసు వాష్‌రూమ్‌లో విప్పుకునే అమ్మాయిలు కొందరు నాకు తెలుసు. అదింకా మంచి పద్ధతి.

పాత మందు జుట్టు పూర్తిగా పోయి, 30 సెంటీమీటర్ల సొంత జుట్టు రావాలంటే రెండేళ్లు, రెండున్నరేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో రెండు మూడు నెలలకోసారి కొసలు కత్తిరించుకుంటూ పోవాలి. ట్రిమ్‌కు వెళ్లే రోజు మాత్రం సెట్ చేసుకుని వెళ్లొద్దు. ఏమీ పెట్టకుండా, తలస్నానం చేసిన జుట్టుతో వెళ్లండి. తడిలో కొత్త జుట్టు ముడుచుకుంటుంది, పాతది నిటారుగా వేలాడుతుంది. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కత్తెర పట్టుకున్న అమ్మాయికి స్పష్టంగా కనిపిస్తుంది. దానికి పైన కత్తిరించొద్దని మీరే వేలు పెట్టి చూపించండి.